లైనక్స్‌లో పీడీఎఫ్ మీద సంతకం: ఐదు నిమిషాల పనికి నెట్ సెంటర్ దాకా ఎందుకు?

"సాయంత్రం 6 లోపు ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టి రిప్లై ఇవ్వండి" అని మెయిల్ వచ్చింది. నేనప్పుడు దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఉన్నాను. ల్యాప్‌టాప్ ఉంది, అందులో ఉబుంటు ఉంది, ఇంటర్నెట్ కూడా ఉంది. లేనిదల్లా ప్రింటర్. బండి తీసుకుని టౌన్‌కి వెళ్లి, ఒక నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించి, సంతకం పెట్టి, దాన్నే మళ్లీ స్కాన్ చేయించి పంపాను. బీటెక్ చదివి, రోజూ కోడ్ రాసే నేను, ఒక ఫైల్‌ని కాగితంగా మార్చి, ఆ కాగితాన్ని మళ్లీ ఫైల్‌గా మార్చుకుని వచ్చాను!

అది సరే. స్కాన్ అయ్యేలోపు ఆ కంప్యూటర్ డెస్క్‌టాప్ చూశాను. ఖాళీ లేదు. ఎవరెవరివో ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, అప్లికేషన్ల కోసం క్రాప్ చేసిన సంతకాల ఫొటోలు. వాటి మధ్యలో నా ఆఫర్ లెటర్ కూడా చేరింది. జీతం, అడ్రస్, కింద సంతకం, అన్నీ ఒకే పేజీలో. "అన్నా, నా ఫైల్ డిలీట్ చేయవా?" అంటే "ఉండనీ తమ్మీ, మళ్ల అవసరం పడ్తది గదా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఇంటికొచ్చే దారంతా అదే ఆలోచన.

ఆ రోజు రాత్రి కూర్చుని, ఈ పని లైనక్స్‌లో ఎలా చేయాలో పూర్తిగా నేర్చుకున్నాను. చేయడం చాలా ఈజీ. కానీ చేసే ముందు, మనం పెడుతున్నది అసలు ఏంటో తెలియాలి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

సంతకం బొమ్మ వేరు, డిజిటల్ సంతకం వేరు

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో "డిజిటల్ సైన్ పెండింగ్" అన్న మాట వినని రైతు ఇల్లు తక్కువే. 2017 సెప్టెంబర్‌లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. ఆ తర్వాత తహసీల్దార్ డిజిటల్ సంతకం పడితేనే ఖాతా పూర్తయినట్టు. అది పడకపోతే కొత్త పాస్‌బుక్ లేదు, 2018లో వచ్చిన రైతుబంధు డబ్బులూ లేవు. ఆ సంతకం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండే ఉంటారు.

మరి తహసీల్దార్ తన సంతకాన్ని ఫొటో తీసి అతికిస్తే సరిపోయేది కదా? సరిపోదు. డిజిటల్ సంతకం అంటే బొమ్మ కాదు, లెక్క. ముందు ఫైల్ మొత్తం నుంచి హ్యాష్ అనే ఒక చిన్న గుర్తు తయారవుతుంది. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా ఈ హ్యాష్ మారిపోతుంది. ఆ హ్యాష్‌ని, అధికారి దగ్గర మాత్రమే ఉండే ప్రైవేట్ కీతో సైన్ చేస్తారు. ఆ కీ మామూలుగా పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. దానికి జంటగా ఉండే పబ్లిక్ కీతో ఎవరైనా చెక్ చేసుకోవచ్చు: సంతకం పెట్టింది ఆ కీ ఉన్నవాళ్లేనా, పెట్టాక ఫైల్ మారిందా అని. 2000లో వచ్చిన ఐటీ చట్టం గుర్తించింది ఈ పద్ధతినే.

మనం ఈరోజు పెట్టబోయే సంతకం బొమ్మలో ఇవేవీ లేవు. అవి పిక్సెల్స్ మాత్రమే. ఎవరు అతికించారో అది చెప్పదు, తర్వాత ఫైల్ మారిందో లేదో కూడా చెప్పదు. కాబట్టి అవతలివాళ్లు "సంతకం చేసిన కాపీ పంపితే చాలు" అన్న చోటే దీని పని. ఆఫర్ లెటర్లు, ఇంటర్న్‌షిప్ ఫారాలు, రూమ్ అద్దె కాగితం, కాలేజీ డిక్లరేషన్, ఇలాంటివన్నమాట. "డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్‌తో సైన్ చేయాలి" అని రాసి ఉన్న చోట ఇది చెల్లదు. వీలునామా లాంటి వాటికైతే ఆ చట్టమే వర్తించదు, అక్కడ కాగితమూ పెన్నే దిక్కు.

ఈ తేడా బుర్రలో పెట్టుకుని పనిలోకి దిగుదాం.

స్టెప్ 1: సంతకాన్ని శుభ్రంగా ఫొటో తీయండి

గీతల్లేని తెల్ల కాగితం, నల్ల లేదా నీలం పెన్ తీసుకోండి. పెన్సిల్ వద్దు. మామూలుగా పెట్టే సైజు కంటే కొంచెం పెద్దగా, ఒక అయిదారు సంతకాలు పెట్టండి. అందులో బాగా వచ్చినది వాడుకోవచ్చు.

ఫొటోకి పగటి వెలుతురే బెస్ట్. కిటికీ పక్కన కాగితం పెట్టి, ఫోన్ నీడ దాని మీద పడకుండా నేరుగా పైనుంచి తీయండి. ఫ్లాష్ ఆన్ చేస్తే మధ్యలో తెల్లగా, అంచుల్లో బూడిదగా వస్తుంది, తర్వాత శుభ్రం చేయడం కష్టమవుతుంది. స్కానర్ ఉంటే 300 డీపీఐ చాలు. పేజీ మీద సంతకం వెడల్పు దాదాపు రెండు అంగుళాలు అనుకుంటే, 300 డీపీఐ లెక్కన 600 పిక్సెల్స్ సరిపోతాయి. అంటే ఈ పనికి 108 మెగాపిక్సెల్ కెమెరా ఏమీ అక్కర్లేదు.

ఫొటోని ల్యాప్‌టాప్‌లోకి కేబుల్‌తో తెచ్చుకోండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కంప్రెస్ అయ్యి గీతల చుట్టూ మసక వస్తుంది.

స్టెప్ 2: గింప్‌లో తెల్ల బ్యాక్‌గ్రౌండ్ తీసేయండి

ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు. ఫొటోని ఉన్నదున్నట్టు పీడీఎఫ్ మీద పెడితే, సంతకం వెనక బూడిద రంగు డబ్బా కనిపిస్తుంది. కింద ఉన్న గీతనీ, అక్షరాలనీ ఆ డబ్బా కప్పేస్తుంది. చూడగానే అతికించినట్టు తెలిసిపోతుంది.

గింప్‌లో ఇలా చేయండి:

1. ఫొటో ఓపెన్ చేసి, క్రాప్ టూల్‌తో సంతకం చుట్టూ కొద్దిగా జాగా వదిలి కత్తిరించండి.

2. కలర్స్ మెనూలో లెవెల్స్ తెరవండి. అందులో వైట్ పాయింట్ తీసుకునే డ్రాపర్‌తో కాగితం మీద, కాస్త మబ్బుగా ఉన్న చోట క్లిక్ చేయండి. కాగితం తెల్లబడుతుంది. ఇంక్ పలచబడితే బ్లాక్ స్లైడర్‌ని కొంచెం కుడివైపు జరపండి.

3. అదే కలర్స్ మెనూలో కలర్ టు ఆల్ఫా ఎంచుకుని, రంగు తెలుపు అని ఇవ్వండి. తెలుపంతా మాయమై, వెనక గళ్లు కనిపిస్తాయి. అదే ట్రాన్స్‌పరెంట్ బ్యాక్‌గ్రౌండ్.

4. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ నొక్కి పీఎన్‌జీగా సేవ్ చేయండి.

జేపీజీ ఎందుకు వద్దు? జేపీజీలో ట్రాన్స్‌పరెన్సీ అనేదే ఉండదు, తెలుపు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మ్యాజిక్ వాండ్‌తో తెలుపు సెలెక్ట్ చేసి డిలీట్ చేస్తే ఏమవుతుంది అని కూడా అడగొచ్చు. ఇంక్ గీత అంచుల్లో పూర్తి నలుపూ కాని, పూర్తి తెలుపూ కాని పిక్సెల్స్ ఉంటాయి. వాండ్ వాటిని ఉంచుతుంది లేదా పూర్తిగా తీసేస్తుంది, దాంతో అంచు రంపంలా వస్తుంది. కలర్ టు ఆల్ఫా మాత్రం ఎంత తెలుపు ఉందో అంత మేరకే పారదర్శకం చేస్తుంది. అందుకే గీత సహజంగా కనిపిస్తుంది.

ఈ రెండు స్టెప్పులూ జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు.

స్టెప్ 3: పీడీఎఫ్ మీద పెట్టడం

మూడు దారులున్నాయి. మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి.

ఫైర్‌ఫాక్స్: కొత్తగా ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. 2022 అక్టోబర్‌లో వచ్చిన వెర్షన్ 106 నుంచి దీని పీడీఎఫ్ వ్యూయర్‌లో టెక్స్ట్ రాయడం, గీయడం కుదురుతుంది. 2023 అక్టోబర్‌లో వచ్చిన వెర్షన్ 119 నుంచి ఇమేజ్ కూడా పెట్టొచ్చు. పీడీఎఫ్‌ని ఫైర్‌ఫాక్స్‌లో తెరిచి, పైన కుడివైపు ఉండే ఇమేజ్ బటన్ నొక్కి, మన పీఎన్‌జీ ఎంచుకుని, లాగి సరైన చోట పెట్టి సేవ్ చేయండి. బ్రౌజర్‌లో చేస్తున్నాం కదా, ఫైల్ ఎక్కడికైనా వెళ్తుందా అంటే వెళ్లదు. పనంతా మీ సిస్టమ్‌లోనే జరుగుతుంది. కాకపోతే ఇలా పెట్టిన సంతకం పేజీ మీద ఒక స్టిక్కర్‌లా ఉంటుంది. వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి దాన్ని తీసేయొచ్చు. అది ఇష్టం లేకపోతే సేవ్ బదులు ప్రింట్ నొక్కి, సేవ్ టు పీడీఎఫ్ ఎంచుకోండి. స్టిక్కర్ పేజీలో కలిసిపోతుంది.

జర్నల్++: నేను ఎక్కువగా వాడేది ఇదే. వెతికేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. జర్నల్ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి జె తీసేసి అక్కడ ఎక్స్ పెట్టాలి. ప్యాకేజ్ పేరులో అయితే చివరి రెండు ప్లస్‌ల బదులు రెండు పీలు ఉంటాయి. ఉబుంటు, ఫెడోరా, ఆర్చ్ అన్నింటి రిపోజిటరీల్లో ఉంది. తెరిచాక ఫైల్ మెనూలో యానొటేట్ పీడీఎఫ్ నొక్కి మీ డాక్యుమెంట్ ఎంచుకోండి. టూల్స్‌లో ఇమేజ్ తీసుకుని, సంతకం రావాల్సిన చోట క్లిక్ చేసి, పీఎన్‌జీ ఇవ్వండి. మూల పట్టుకుని సైజు సరిచేయండి. టెక్స్ట్ టూల్‌తో తేదీ, ఊరు పేరు కూడా రాసేయొచ్చు. చివర్లో ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ నొక్కాలి.

ఇక్కడ సేవ్ నొక్కి ఆగిపోకండి. సేవ్ చేస్తే వచ్చేది జర్నల్++ సొంత ఫార్మాట్ ఫైల్. దాన్ని హెచ్ఆర్‌కి పంపితే వాళ్ల దగ్గర ఓపెన్ కాదు. నేను రెండోసారి చేసిన పొరపాటు ఇదే, పది నిమిషాల్లో "ఫైల్ ఓపెన్ కావట్లేదు" అని రిప్లై వచ్చింది.

క్యూపీడీఎఫ్: 40 పేజీల అగ్రిమెంట్‌లో ప్రతి పేజీ మీద సంతకం కావాలన్నారు అనుకోండి. ఒక్కో పేజీకీ లాగి పెట్టుకుంటూ కూర్చోలేం. లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఖాళీ ఏ4 పేజీ తీసి, కుడివైపు కింద సంతకం బొమ్మ పెట్టి, దాన్ని ఒక పేజీ పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. తర్వాత టెర్మినల్‌లో క్యూపీడీఎఫ్ కమాండ్‌కి ఓవర్‌లే ఆప్షన్ ఇచ్చి, ఆ ఒక్క పేజీని రిపీట్ చేయమంటే, 40 పేజీల మీదా ఒకే చోట సంతకం పడుతుంది. కమాండ్ పూర్తి రూపం దాని మాన్యువల్‌లో ఓవర్‌లే అనే భాగంలో ఉదాహరణతో సహా ఉంది.

లిబ్రేఆఫీస్ డ్రాలో పీడీఎఫ్ నేరుగా తెరిచి ఎడిట్ చేయొచ్చు కదా అంటారు కొందరు. ఇంగ్లిష్ డాక్యుమెంట్లకి పర్లేదు. తెలుగు డాక్యుమెంట్ తెరిస్తే మాత్రం నా అనుభవంలో ఒత్తులు ఒక చోట, అక్షరాలు ఒక చోట చెల్లాచెదురు అయ్యాయి. డ్రా పేజీలోని టెక్స్ట్‌ని విడదీసి మళ్లీ పేర్చడానికి చూస్తుంది, మన లిపికి అది సరిగ్గా కుదరదు. జర్నల్++ అయితే పాత పేజీ పైన మన బొమ్మని పెడుతుంది, అంతే. తెలుగు కాగితాలకి అదే సేఫ్.

ఈ-ఆధార్ మీద ఆగండి

కంపెనీలు "సెల్ఫ్ అటెస్టెడ్ ఆధార్ కాపీ" అడుగుతాయి. యూఐడీఏఐ సైట్ నుంచి దించుకున్న ఈ-ఆధార్ పీడీఎఫ్‌లో ముందే డిజిటల్ సంతకం ఉంటుంది. దాని మీద మన సంతకం బొమ్మ పెట్టి కొత్త పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే, బయటికి వచ్చే ఫైల్‌లో ఆ డిజిటల్ సంతకం ఉండదు. అంటే అసలైన రుజువుని తీసేసి, రుజువు కాని బొమ్మ పెట్టినట్టు. డిజిటల్ సంతకం ఉన్న ఏ పీడీఎఫ్‌కైనా ఇదే రూల్. ఒరిజినల్‌ని ముట్టుకోకండి, కాపీ మీదే పని చేయండి, అవసరమైతే రెండూ పంపండి. ఆధార్ నంబర్ మొత్తం అక్కర్లేని చోట, చివరి 4 అంకెలే కనిపించే మాస్క్డ్ ఆధార్ దించుకుని వాడండి.

ఫైల్‌లో డిజిటల్ సంతకం ఉందో లేదో ఆక్యులర్‌లో తెరిస్తే తెలుస్తుంది. టెర్మినల్ ఇష్టమైతే పాప్లర్ యుటిల్స్ ప్యాకేజ్‌లో పీడీఎఫ్‌సిగ్ అనే టూల్ ఉంది. మీ దగ్గర నిజమైన సర్టిఫికెట్ ఉంటే, ఆక్యులర్ 21.04 వెర్షన్ నుంచి అందులోనే డిజిటల్ సంతకం కూడా పెట్టొచ్చు.

ఇప్పుడు అసలు భయం: మన సంతకాన్ని ఎవరైనా లాగేయొచ్చా?

లాగేయొచ్చు. నేనే చేసి చూశాను. అదే పాప్లర్ యుటిల్స్‌లో పీడీఎఫ్‌ఇమేజెస్ అనే టూల్ ఉంది. పీడీఎఫ్‌లో ఉన్న బొమ్మలన్నీ విడివిడిగా బయటికి తీయడం దాని పని. నేను సంతకం పెట్టిన ఫైల్ ఇచ్చాను. రెప్పపాటులో నా సంతకం ఒక ఫైల్‌గా, దాని ట్రాన్స్‌పరెన్సీ మాస్క్ ఇంకో ఫైల్‌గా వచ్చాయి. పీడీఎఫ్ ఈ రెండింటినీ అలా విడిగానే దాచుకుంటుంది మరి. గింప్‌లో నేను పది నిమిషాలు కష్టపడి శుభ్రం చేసిన సంతకం, వేరేవాళ్లకి రెడీమేడ్‌గా దొరికింది. మనం ఎంత నీట్‌గా చేస్తే, దొంగకి అంత సులువు!

దీనికి పూర్తి మందు లేదు. కాగితం మీద పెట్టిన సంతకాన్నైనా స్కాన్ చేసి కత్తిరించొచ్చు కదా. కానీ పని కష్టం చేయొచ్చు.

మొదటిది, పేజీని మొత్తంగా బొమ్మ చేసేయండి. పీడీఎఫ్‌టూపీపీఎం అనే టూల్‌తో పేజీని 200 డీపీఐ దగ్గర జేపీజీగా మార్చండి. ఏ4 పేజీ దాదాపు 1654 × 2339 పిక్సెల్స్ వస్తుంది. దాన్ని ఇమేజ్‌టూపీడీఎఫ్ అనే టూల్‌తో (పేరులో ఇమేజ్ అన్నది కుదించి ఉంటుంది, టూ అన్నది అంకె) తిరిగి పీడీఎఫ్ చేయండి. ఇప్పుడు సంతకం, గీత, అక్షరాలు అన్నీ ఒకే బొమ్మ. విడిగా సంతకం ఫైల్ దొరకదు. దీనివల్ల నష్టం ఏంటంటే ఫైల్ సైజు పెరుగుతుంది, టెక్స్ట్ సెలెక్ట్ చేయడం కుదరదు. అందుకే సంతకం ఉన్న పేజీకి మాత్రమే ఇలా చేసినా చాలు.

రెండోది, మన పెద్దవాళ్ల పద్ధతి. జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద "ఫలానా పని కోసం మాత్రమే" అని రాసి, ఆ రాత మీదుగా సంతకం పెట్టడం మా నాయినకి అలవాటు. అదే ఇక్కడా చేయండి. జర్నల్++లో టెక్స్ట్ టూల్‌తో తేదీ, పని రాసి, సంతకం గీతలు ఆ అక్షరాల మీదుగా పోయేలా పెట్టండి. తర్వాత పేజీని బొమ్మ చేయండి. సంతకాన్ని కత్తిరించినవాళ్లకి ఆ తేదీ, ఆ పని కూడా కలిసే వస్తాయి.

మూడోది, సంతకం పీఎన్‌జీని ఏటీఎం పిన్‌లా చూసుకోండి. డౌన్‌లోడ్స్‌లో, ఫోన్ గ్యాలరీలో, వాట్సాప్ చాట్‌లో వదలకండి. హోమ్‌లో ఒక ఫోల్డర్ పెట్టి, ఫైల్ పర్మిషన్ 600 చేయండి. అదే సిస్టమ్‌లోని మిగతా యూజర్లు చదవలేరు. ల్యాప్‌టాప్ పోతే ఈ పర్మిషన్ కాపాడదు, దానికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉండాల్సిందే.

నాలుగోది, "ఫ్రీగా పీడీఎఫ్ సైన్ చేయండి" అనే వెబ్‌సైట్లు. చాలావాటిలో మీ ఫైల్ ముందు వాళ్ల సర్వర్‌కి వెళ్తుంది. ఆ తర్వాత దాన్ని ఏం చేశారో చూడ్డానికి మనకి దారి లేదు. నెట్ సెంటర్ డెస్క్‌టాప్ కనీసం కంటికి కనిపిస్తుంది, ఇది అదీ కనిపించదు. పైన చెప్పిన మూడు దారులూ ఇంటర్నెట్ ఆపేసినా పని చేస్తాయి. కావాలంటే వైఫై ఆఫ్ చేసి ట్రై చేయండి.

నా మాట

ఒక పేజీ, ఒక సంతకం అయితే ఫైర్‌ఫాక్స్. తేదీ, పేరు కూడా రాయాలంటే, లేదా తెలుగు డాక్యుమెంట్ అయితే జర్నల్++. పేజీలు ఎక్కువుంటే క్యూపీడీఎఫ్. ఏది వాడినా, పంపే ముందు ఫైనల్ ఫైల్‌ని ఒకసారి ఫోన్‌లో ఓపెన్ చేసి చూసుకోండి. మీ సిస్టమ్‌లో కనిపించింది వాళ్లకీ కనిపిస్తుందని అప్పుడే నమ్మకం. సంతకం బొమ్మ తయారీకి మాత్రం ఆఖరి గంట దాకా ఆగొద్దు. ఈ ఆదివారమే ఏదైనా పాత పీడీఎఫ్ మీద ప్రాక్టీస్ చేసి పెట్టుకోండి.

తర్వాతి వారం నేను ఆ నెట్ సెంటర్‌కి మళ్లీ వెళ్లాను. ఈసారి ప్రింట్ కోసం కాదు. నా ఫైల్ ఎక్కడుందో చూపించి, పక్కనే నిలబడి డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాను. "గంత భయమెందుకు తమ్మీ" అని అన్న నవ్వాడు. నా ఫైల్ పోయింది. మిగతావాళ్ల సంతకాలు ఇంకా ఆ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. వాటిలో మీది కూడా ఉందేమో, ఒకసారి వెళ్లి చూసుకోండి.